కంప్యూటర్లో పెరిగిన నాచు

కొత్తపట్నం వెళ్ళొచ్చానని తెలియగానే మా కాలేజీలో అందరూ సముద్రం ఎలా ఉందని అడిగారు. ఐదు రోజులు దానికి కూతవేటు దూరంలో ఉండి కూడా నేను సముద్రాన్ని తీరిగ్గా చూసింది లేదు. చూసిందల్లా మూడు సిమెంటు తొట్లు, వాటిలో ముదురాకుపచ్చ నీళ్ళు, వాటి పక్కనే కొత్తగా తవ్విన మూడు గుంటలు. ఆ గుంటలు నా వల్ల తవ్వినవి. అందుకే ఈ ప్రయాణం గురించి అడిగినవాళ్ళకి సరదాగా జవాబు చెప్పలేకపోయాను.

నేను అనంతపురంలో కెమికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాను. స్పిరులినా అని సన్నటి నాచు ఒకటి ఉంది. దాన్ని తొట్లలో పెంచి, వడగట్టి, ఎండబెడితే ఆకుపచ్చ పొడి వస్తుంది. బలానికని మాత్రల్లో నింపి అమ్ముతారు. ఎండ ఎంత, నీటి వేడి ఎంత, తొట్టి లోతు ఎంత, నీళ్ళని కలియబెట్టే తెడ్ల చక్రం ఎంత వేగంగా తిరుగుతుంది అన్నవి చెబితే, నాచు ఎంత పెరుగుతుందో లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి నాలుగేళ్ళుగా రాస్తున్నాను. తొట్టి కట్టకముందే అది ఎలా పనిచేస్తుందో కంప్యూటర్లో చూడటమన్నమాట.

అయితే ఆ లెక్క నిజమో కాదో తేల్చుకోవటానికి నిజమైన తొట్టి ఒకటి కావాలి. కొత్తపట్నం దగ్గర సుబ్బారావు గారని ఒక రైతు రొయ్యల చెరువులు తెగులుకి పోయాక స్పిరులినా తొట్లు కట్టారని తెలిసి ఉత్తరం రాశాను. ఆయన ఒప్పుకున్నారు. నాలుగు నెలలపాటు వారం వారం కవర్లో అంకెలు వచ్చాయి. అవి నా ప్రోగ్రాం చెప్పినదానితో ఎంత బాగా కలిశాయంటే, ఆ ఉత్సాహంలో పేపరు రాసి ఒక సదస్సుకి పంపేశాను. పనిలోపనిగా, తొట్టి లోతు రెట్టింపు చేస్తే దిగుబడి బాగా పెరుగుతుందని నా ప్రోగ్రాం చెబుతోందని సుబ్బారావు గారికీ రాశాను. ఆయన వెంటనే కొత్త తొట్లకి గుంటలు తవ్వించి, కాంక్రీటు వేసేలోపు ఒకసారి వచ్చి చూసి వెళ్ళమని కబురు పెట్టారు.

గుంటూరులో తుమ్ములు

ఫిబ్రవరిలో గుంటూరు మీదుగా వెళ్ళకూడదని నాకెవరూ చెప్పలేదు. మిరప యార్డుకి సరుకు వచ్చే రోజులవి. స్టేషన్ బయటికి వచ్చేసరికి మొదలైన తుమ్ములు లాడ్జికి చేరేదాకా ఆగలేదు. ఆటో ఆయన ఒక్కసారి కూడా తుమ్మలేదు. రెండు రోజులుంటే అలవాటైపోతుందని ధైర్యం చెప్పాడు. నాకున్నది ఒక్క రోజే.

నా భుజాన మా డిపార్ట్‌మెంటుకంతా ఉన్న ఒకే ఒక్క లాప్‌టాప్ ఉంది. తాడిపత్రి బండంత బరువు. బాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది. లాడ్జి గదిలో ప్లగ్గు పెట్టగానే టప్‌మని చప్పుడై, కాలిన వాసన వచ్చి, అడాప్టర్ కూడా పోయింది. వోల్టేజి ఎక్కువ తక్కువలవుతూ ఉంటుందని ప్లగ్గు పైన గోడకి కాగితం అంటించి ఉంది. కాకపోతే దానిమీద సున్నం వేశారు.

మధ్యాహ్నం మెస్‌లో భోజనం పాతిక రూపాయలు. కూర్చున్న వెంటనే వడ్డించేవాడు అడక్కుండానే కారప్పొడి వేసి, నెయ్యి పోసి, కలుపుకోమన్నట్టు నిలబడ్డాడు. మా వైపు పచ్చడంటే వేరుశనక్కాయలు నూరి అందులో కాస్త మిరపకాయ వేస్తాం. ఇక్కడ మిరపకాయలే నూరి అందులో కాస్త ఏదో వేస్తారు. రెండు ముద్దలకే నా కళ్ళు ధారలు కట్టాయి. నా మాట విని నాది సీమ అని పోల్చుకున్న పక్కాయన, మీ ఊళ్ళో బాంబులు ఇంట్లోనే చేసుకుంటారటగా అని అడిగాడు. ఈ ప్రశ్న నన్ను మొత్తం ప్రయాణంలో నలుగురు అడిగారు. మా ఇంట్లో నేను వంటే సరిగ్గా చేయనని చెప్పి లేచొచ్చాను.

అడాప్టర్ బాగుచేసేవాళ్ళ కోసం వెతుక్కుంటూ వెళితే, రేడియోలు టీవీలు బాగుచేసే ఖాసిం గారి కొట్టు దొరికింది. అరవై దాటిన మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు. తొందరపడే రకం కాదు. నేను తొందరపెట్టిన కొద్దీ టీ తెప్పించారు. ఆ యంత్రంలో ఏముందని అడిగితే నాచు పెంచే లెక్క ఉందన్నాను. సోల్డరింగ్ చేస్తూనే ఇంకో ప్రశ్న వేశారు.

“రేపు ఎండ బాగా కాస్తుందని మీరు చెబితే, అది నమ్ముతుందా అండీ?”

“నమ్ముతుందండి. మనం ఏది చెబితే దాన్నే నిజమనుకుని లెక్క కడుతుంది.”

“ఏది చెప్పినా నమ్ముతుందా?”

“ఏది చెప్పినా.”

ఆయన అడాప్టర్ నా చేతికిచ్చి, “పాపం,” అన్నారు.

అరవై రూపాయలు తీసుకున్నారు. నేను ఆ మాటకి కాస్త నొచ్చుకుని, నాలుగేళ్ళ పరిశోధన ఒక్క ముక్కలో తీసిపారేశారని లోపల గొణుక్కుంటూ లాడ్జికి వచ్చాను.

చిలకలూరిపేట మీదుగా

మర్నాడు పొద్దున్నే ఒంగోలు బస్సులో నా కాళ్ళ దగ్గర ఒక పెద్దాయన మిరపకాయల బస్తా పెట్టారు. తీయమంటే, బస్తా ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరి కాళ్ళ దగ్గరే ఉంటుంది కదమ్మా అన్నారు. అదీ నిజమే. కానీ ఒంగోలు దాకా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చోవాల్సింది నేను.

ఆయనది ప్రత్తి, మిరప. చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆడవాళ్ళు తలకి గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళలోనూ ఎవరూ తుమ్మటం లేదు. చేలల్లో చివరి తీత అయిపోయిన ప్రత్తి మోళ్ళు నిలబడి ఉన్నాయి. నేనెవరో, ఎందుకు వెళుతున్నానో ఆయన అన్నీ కనుక్కుని, ఇలాంటి లెక్కే ప్రత్తికి కూడా ఉందా అని అడిగారు. ఉండొచ్చన్నాను. మందుల కంపెనీ వాళ్ళు ఒకసారి రంగుల కాగితం తెచ్చి, ఏ రోజు ఏ మందు కొడితే పురుగు ఏ రోజున పోతుందో గీత గీసి చూపించారట. ఆయన తు.చ. తప్పకుండా కొట్టారట.

“పోలేదా?” అన్నాను.

“ఆ కాగితం పురుగుకి చదవటం రాదు కదమ్మా,” అన్నారు.

బస్సులో ముందూ వెనకా ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఈ దారిలో ఎక్కే ప్రతి మనిషీ నా పని మీద ఒక మాట విసరాలని ముందే అనుకుని వచ్చారేమో అనిపించింది. ఒంగోల్లో దిగేటప్పుడు ఆయన నా లాప్‌టాప్ సంచీ కిందికి అందించి, గుప్పెడు మిరపకాయలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారు. సంచీలో పెట్టుకున్నాను. తర్వాత ఆ సంచీలోంచి ఏ కాగితం తీసినా తుమ్మాల్సి వచ్చింది.

కొత్తపట్నం, బుధవారం

ఒంగోలు నుంచి కొత్తపట్నం దగ్గరే. దారి పొడుగునా పాడుపడిన రొయ్యల చెరువులు, గట్లు తెగి, అడుగున ఉప్పు పేరుకుని కనిపిస్తాయి. ఊరు దగ్గరపడే కొద్దీ ఎండబెట్టిన చేపల వాసన. మిరప ఘాటు తర్వాత అది నాకు హాయిగానే అనిపించింది.

సుబ్బారావు గారు బస్సు దగ్గరికే వచ్చారు. యాభై ఐదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, బిగ్గరగా మాట్లాడే అలవాటు. ఇంటికి వెళ్ళగానే పెద్ద గ్లాసుతో ఆకుపచ్చటి మజ్జిగ ఇచ్చారు. స్పిరులినా కలిపారట. ఇంటికి వచ్చిన ఎవరినీ అది తాగకుండా పోనివ్వరని ఆయన భార్య కాస్త జాలిగా చెప్పింది. తాగాను. ఆ తర్వాత గంటసేపు నేను నవ్వినప్పుడల్లా ఎదుటివాళ్ళు ఎందుకు తల తిప్పుకుంటున్నారో అద్దం చూసుకున్నాక అర్థమైంది. పళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి.

తొట్ల దగ్గర ఇద్దరిని పరిచయం చేశారు. ఒకరు సూపర్‌వైజర్ వెంకటేశ్వర్లు, బీయస్సీ చదివాడు, ముప్పై ఏళ్ళవాడు. నాకు వారం వారం అంకెలు పంపింది అతనే. రెండో మనిషి మస్తాన్‌బీ. నలభై ఐదేళ్ళావిడ, భర్త పరుపులు కుడతాడు. నాచు వడగట్టటం, ఆరబెట్టటం, తొట్లు కనిపెట్టుకుని ఉండటం అన్నీ ఆవిడ పనే.

కొత్త గుంటల్లో ఇనుప చువ్వలు అల్లేసి ఉన్నాయి. సోమవారం మేస్త్రీ వచ్చి కాంక్రీటు పోస్తాడన్నారు. నా లెక్క ప్రకారం లోతెక్కువ ఉంటే నీళ్ళు తొందరగా వేడెక్కవు. తెడ్ల చక్రం ఆగకుండా తిరుగుతూ ఉంటే అడుగున ఉన్న నాచు కూడా వంతులవారీగా పైకొచ్చి ఎండ చూస్తుంది. గట్టు మీద నిలబడి ఇదంతా ఆయనకి మళ్ళీ వివరించాను. చెబుతూ ఉంటే నాకే ముచ్చటేసింది.

పదకొండున్నరకి చక్రం ఆగిపోయింది.

కరెంటు పోయిందన్నారు. ఎంతసేపు అంటే మూడు, మూడున్నర దాకా, రోజూ ఉండేదేనన్నారు. నేను చూస్తుండగానే నాచు మెల్లగా పైకి తేలి, పాల మీద మీగడలా కట్టటం మొదలుపెట్టింది. మస్తాన్‌బీ, ఇంకో ఆవిడా తాటాకు చాపలు తెచ్చి తొట్టి మీద కప్పారు. తర్వాత వెదురు కర్రకి కట్టిన ఈనెల చీపుళ్ళతో చాపల సందుల్లోంచి నీళ్ళని కలియబెడుతూ తొట్టి చుట్టూ తిరిగారు. కప్పకపోతే ఏమవుతుందని అడిగితే, నాచు పండుబారి చచ్చిపోతుందంది.

నా ప్రోగ్రాంలో చక్రం ఎప్పుడూ ఆగదు. మరి నాలుగు నెలల అంకెలు అంత చక్కగా ఎలా కలిశాయి? ఈ వేళప్పుడు నీటి వేడి ఎంత ఉందో చూద్దామని వెంకటేశ్వర్లుని థర్మామీటర్ అడిగాను. అతను షెడ్డులోకి వెళ్ళి, చాలాసేపటికి ఫైలు పట్టుకుని వచ్చాడు. ఫైలు కాదు, థర్మామీటర్ అన్నాను. మళ్ళీ వెళ్ళాడు. చీపురు కర్ర ఆపకుండానే మస్తాన్‌బీ చెప్పింది.

“అది పగిలి రెణ్ణెల్లయిందమ్మా.”

ఆ రెండు నెలల్లోనూ నాకు రోజుకి మూడుసార్ల చొప్పున, దశాంశ బిందువు తర్వాత ఒక అంకెతో సహా, నీటి వేడి అందుతూనే ఉంది. వెంకటేశ్వర్లు బయటికొచ్చి నా మొహం చూసి, దాచి లాభం లేదనుకున్నాడు.

“మొదట్లోనే మీరు ఎంత రావాలో ప్రింటు తీసి పంపారు కదా మేడం. దానికి అటూ ఇటూగా రాశానండి. మరీ అవే అంకెలు వేస్తే బాగోదని.”

“మొదటి రెండు నెలలూ?”

“అప్పుడు కొన్ని కొలిచానండి. కలవలేదు. నేనే సరిగ్గా కొలవలేదేమో అనుకున్నాను. మీరు అంత చదువుకున్నారు.”

అరవాలనిపించింది. కానీ దేని మీద అరవాలి? నేను నాలుగు నెలలుగా నా ప్రోగ్రాంని నా ప్రోగ్రాంతోనే పోల్చుకుని మురిసిపోయాను. ప్రశ్నపత్రంతో పాటు జవాబులు కూడా పంపింది నేనే. నేనక్కడే గట్టు మీద కూర్చుండిపోతే, మస్తాన్‌బీ నన్ను ఊరుకోబెట్టటానికన్నట్టు ఇంకో మాట అంది. అది ఇంకా గట్టిగా తగిలింది.

“కరెంటు పోతుందని రాయమని నేను రోజూ చెప్పేదాన్నమ్మా. ఆ కాగితంలో దానికి గడి లేదన్నాడు.”

ఆ కాగితం నేను తయారుచేసిందే. అనంతపురంలో కూర్చుని, స్కేలు పెట్టి గీశాను. నిజంగానే దానికి గడి లేదు.

మూడు రోజుల కొలతలు

ఆ సాయంత్రం సుబ్బారావు గారికి కాంక్రీటు ఆపమని చెప్పాను. ఎందుకో చెప్పలేదు, లెక్క ఇంకోసారి చూడాలన్నాను. పిరికితనమే. మేస్త్రీని మాట్లాడానని, సిమెంటు షెడ్డులో ఉందని, తేమ తగిలితే గట్టిపడుతుందని ఆయన విసుక్కున్నారు. మీ కాగితం చూసేగా తవ్వించానన్నారు. చివరికి ఆదివారం రాత్రిలోపు ఏ సంగతో తేల్చి చెప్పమన్నారు.

గురువారం ఒంగోలు వెళ్ళి థర్మామీటర్ కొనుక్కొచ్చాను. నాచు ఎంత చిక్కగా ఉందో తెలియటానికి కర్రకి తెల్ల సాసరు బిగించి నీళ్ళలో ముంచి, ఎంత లోతులో కనపడకుండా పోతుందో చూడాలి. ఆ సాసరు కూడా వెంకటేశ్వర్లు టీ తాగటానికి వాడుతున్నాడు. దాన్ని కడిగించి మళ్ళీ కర్రకి కట్టించాను. మస్తాన్‌బీకి ఆ సాసరు అక్కర్లేదు. చెయ్యి ముంచి, అరచెయ్యి ఎక్కడ మాయమవుతుందో చూసి నాచు తీయొచ్చో లేదో చెప్పేస్తుంది. నేను స్కేలు పెట్టి చూస్తే ఆవిడ చెయ్యీ సాసరూ దాదాపు ఒకటే చెప్పాయి. మధ్యాహ్నాలు నేనూ చీపురు పట్టుకున్నాను. ఇప్పుడున్న లోతుకే అరగంటలో భుజాలు పడిపోయాయి. రెట్టింపు లోతులో అడుగు దాకా కలియబెట్టటం మనుషుల వల్ల కాదని నాకు ప్రోగ్రాం లేకుండానే అర్థమైంది.

అయినా లెక్క కట్టాలి. సుబ్బారావు గారి ముందుగదిలో లాప్‌టాప్ పెట్టుకుని, పగటిపూట చక్రం ఆగిపోవటం, నాచు పైకి తేలటం ప్రోగ్రాంలో కలిపాను. ఒక్కో లెక్క పూర్తి కావటానికి రెండు గంటలు పట్టేది. మధ్యాహ్నపు కోత ఒక్కటే కాదు, ఆ రెండు గంటల్లో ఎప్పుడో ఒకప్పుడు కరెంటు తప్పకుండా పోయేది. కరెంటు పోతే నాచు ఏమవుతుందో చెప్పాల్సిన ప్రోగ్రాం, కరెంటు పోవటం వల్లే మధ్యలో ఆగిపోయేది. శుక్రవారం మూడుసార్లు, శనివారం నాలుగుసార్లు మొదటికొచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నా వెనక నిలబడి, నాచు ఎక్కడమ్మా కనపడదే అని అడిగి వెళ్ళేవారు.

శనివారం మస్తాన్‌బీ నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండింది. గుంటూరులో అన్నం ముందు కూర్చుని ఏడ్చినదాన్ని, ఇక్కడ రెండోసారి అడిగి వేయించుకున్నాను. తింటుండగా ఆవిడ చెప్పింది, కొత్త తొట్లు కడితే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని పెడతామన్నారని, తన చెల్లెలికి ఆ పని ఇప్పిస్తానని మాటిచ్చానని. లెక్క ఎలా వస్తుందోనని అడిగింది. బాగా రాదని చెప్పాను. ఆవిడ నా పళ్ళెంలో ఇంకాస్త కూర వేసింది.

ఆదివారం

పొద్దున్నే ఎనిమిదిలోపు లెక్క పూర్తయింది. లోతైన తొట్టిలో దిగుబడి పెరగటం అటుంచి, ఇప్పుడున్నదానికంటే తగ్గుతుంది. మధ్యాహ్నం పైకి తేలిన నాచు ఎండకి మాడి, అడుగు నీళ్ళు చీకట్లో ఉండిపోతాయి. నాలుగేళ్ళలో నా ప్రోగ్రాం నాకు మొట్టమొదటిసారి ఇష్టం లేని జవాబు చెప్పింది. దాన్ని నమ్మాను.

సుబ్బారావు గారికి ఈసారి అంతా చెప్పాను. అంకెల సంగతి, థర్మామీటర్ సంగతి, నేను చూసుకోకుండా పేపరు పంపిన సంగతి. ఆయన వెంకటేశ్వర్లుని పిలిపించి, నోటికొచ్చినట్టు తిట్టారు. ఒరేయ్, రొయ్యలప్పుడు కూడా చెరువులు చూసే డాక్టరు ఇలాగే అంతా బాగుందని రాసిచ్చాడురా అన్నారు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. అతనికి ముందే జవాబు పంపిన తప్పు నాదని చెప్పాను. ఆయన నావైపు తిరిగారు.

“మీరు చదువుకున్నవాళ్ళు. మీ తప్పుకి మిమ్మల్ని తిట్టలేను కదండీ. అందుకే వాణ్ణి తిడుతున్నా.”

ఆయన వాకిట్లో కాసేపు అటూ ఇటూ తిరిగి, మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దని చెప్పారు. సిమెంటు తమ్ముడి ఇంటికి పంపేశారు. గుంటలు పూడ్పించటానికి మళ్ళీ కూలీలు కావాలని గొణుక్కున్నారు. తర్వాత, కోపం తగ్గకుండానే, తొట్ల మీద ఎప్పుడూ ఉండేలా తాటాకు పందిరి వేస్తే ఎలా ఉంటుందో లెక్క కట్టగలరా అని అడిగారు. మధ్యాహ్నానికి మూసి, పొద్దునా సాయంత్రం తెరిచే పందిరి. అది మస్తాన్‌బీ చాలాకాలంగా చెబుతున్న మాటేనట. లెక్క కడతానన్నాను. అయితే ఈసారి అంకెలు మస్తాన్‌బీ కొలిచి చెప్పాలని, వెంకటేశ్వర్లు రాయటం మాత్రమే చెయ్యాలని, నా జవాబు ముందుగా ఎవరికీ పంపనని అన్నాను.

ఒంగోలు

తిరుగు ప్రయాణంలో ఒంగోలు బస్టాండు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి నా పీహెచ్‌డీకి గైడుగా ఉన్న మా ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. పేపరు మీద నా పేరుతో పాటు ఆయన పేరూ ఉంది. వెనక్కి తీసుకుందామన్నాను. ఆయన అంతా విని, “ఎవరికి తెలుస్తుందమ్మా?” అన్నారు. నాకు తెలుసు కదండీ అన్నాను. ఈ సదస్సు పోతే నా థీసిస్ ఇంకో ఏడాది వెనక్కి పోతుందని గుర్తుచేశారు. అదీ తెలుసన్నాను. మీటరు తిరుగుతోంది, వెనక ఇద్దరు వరసలో నిలబడి నా మాటలు వింటున్నారు. చివరికి ఆయన నీ ఇష్టం అని పెట్టేశారు. బూత్ పక్కనే ఉన్న కొట్లో కవరు కొని, అక్కడే నిలబడి సదస్సువాళ్ళకి ఉత్తరం రాశాను. గమ్ము సరిగ్గా లేక కవరు రెండుసార్లు ఊడింది. మూడోసారి మెతుకులతో అంటించాను. హోటల్లో అడిగితే సర్వరు ఒక చెంచాడు అన్నం తెచ్చి ఇచ్చాడు, ఎందుకని కూడా అడగలేదు.

అనంతపురం వచ్చిన పదిహేను రోజులకి మొదటి కవరు అందింది. కొత్త కాగితంలో కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ, కలియబెట్టింది ఎవరు అన్నవాటికి కూడా ముందే గళ్ళు గీసి పంపాను. వాటిలో అంకెలున్నాయి. కంప్యూటర్ ముందు కూర్చుని నా లెక్కతో పోల్చి చూశాను. కొన్ని దగ్గరగా ఉన్నాయి, కొన్ని ఎంతో దూరంగా ఉన్నాయి. ఒక రోజైతే నా లెక్కకి అసలు సంబంధమే లేదు. ఎందుకో కనుక్కోవటానికి ఇంకో నెల పడుతుందని తల పట్టుకున్నాను. మంగళ, బుధవారాలకి ఎదురుగా మాత్రం ఏమీ లేదు. పక్కన వెంకటేశ్వర్లు ఇలా రాశాడు: మస్తాన్‌బీకి జ్వరం, కొలవలేదు.

నా పట్టికలో ఆ రెండు గళ్ళూ ఖాళీగా వదిలేసి, గురువారం అంకెలు ఎక్కించాను.